ఈసారి ఎన్నాళ్లు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. పుట్టిల్లు పాలకొల్లు దగ్గర. ఏ పనైనా పట్టుకుంటే పిచ్చిగా పట్టుకుంటాను. కొన్నాళ్లకు అంతే పూర్తిగా వదిలేస్తాను. 2019లో బదిలీ మీద కొత్త బ్రాంచికి వెళ్లినప్పుడు లేసు అల్లిక మొదలుపెట్టాను. అన్నం తింటూ కూడా అల్లేదాన్ని. ఏ డిజైనైనా చూసి అల్లగలిగే స్థాయికి వచ్చాక ఎందుకో పక్కన పెట్టేశాను. లాక్‌డౌన్‌లో మిద్దె తోట పెట్టాను. రెండో ఎండాకాలానికి ఎండిపోయింది. కరివేపాకు, పుదీనా మాత్రం మిగిలాయి. 2022లో నాన్నగారికి బైపాస్ జరిగింది. ఆసుపత్రిలో రాత్రిళ్లు ఫోన్లో ఫౌంటెన్ పెన్నుల వీడియోలు చూస్తూ మొదలైన పిచ్చి పద్నాలుగు పెన్నుల దాకా వెళ్లింది. ఇప్పుడు కొనడం లేదు. ఈ ఉత్తరం మాత్రం రాజమండ్రి రత్నం పెన్నుతోనే రాస్తున్నాను.

మరుసటి ఏడాది ప్రమోషన్ రాలేదు. ఆ నెలలోనే కీబోర్డు కొని సంగీతం మాస్టారి దగ్గర చేరాను. బాగా సాగింది. రెండు చేతులతో వాయించడం వచ్చిన రోజు ఏడ్చేశాను. ఇంతలో శ్రీరామనవమి పందిట్లో వాయించాలని మాస్టారు నా పేరు ఇచ్చేశారు. వాయించాను. తప్పులు పోయాయి. మళ్లీ క్లాసుకు వెళ్లలేదు. దానిమీద కప్పిన దుప్పటి ఇప్పటికీ తీయబుద్ధి కాదు. 2024 డిసెంబర్లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక చదరంగం పట్టుకున్నాను. అప్పుడు మా బ్రాంచిలో ఆడిట్ నడుస్తోంది. మావారు రోజూ "రేటింగ్ ఎంతకొచ్చింది?" అని అడిగేవారు. అదీ పోయింది.

ఇప్పుడు టెలిస్కోపు. అద్దం రకమా, కటకం రకమా అని పది రాత్రులుగా చదువుతున్నాను. ధర 28 వేలు. మావారు "ఈసారి ఎన్నాళ్లు?" అన్నారు. అమ్మ "నీది మొదటినుంచీ ఆరంభశూరత్వమే" అంది. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందంటారు కదా, నాకెందుకు ఏదీ నిలవదు? తొమ్మిదేళ్ల మా పాప మొన్న కూచిపూడి మానేస్తానంది. నా బుద్ధే వచ్చిందని భయంగా ఉంది. అత్తగారికి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి మా దగ్గరే ఉంటున్నారు. ఈ సమయంలో దుబారా అనుకుంటారేమో అని కూడా ఉంది. కొనాలా, వద్దా? నాలో ఏదైనా లోపం ఉందా?

— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ముందు టెలిస్కోపు సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు కొనకండి. మీకు నిలకడ లేదన్న అనుమానంతో అనడం లేదు. అసలు కారణం మీ ఉత్తరం చివర్లో, అత్తగారి ఆపరేషన్ దగ్గర ఉంది. అక్కడికి వస్తాను.

మిమ్మల్ని ఎక్కువ నొప్పించింది అమ్మగారి మాటే అనిపిస్తోంది కాబట్టి దానితో మొదలుపెడతాను. బడిలో మనమంతా బట్టీపట్టిన నీతి పద్యం ఒకటుంది. అడ్డంకులకు జడిసి అసలు మొదలే పెట్టనివాళ్లు ఒక రకం. మొదలుపెట్టి, అడ్డంకి రాగానే వదిలేసేవాళ్లు ఇంకో రకం. ఎన్ని దెబ్బలు తగిలినా వదలనివాళ్లు మూడో రకం. మధ్యలో ఏది వదిలేసినా మనల్ని ఆ రెండో గాటన కట్టేయడం అప్పటినుంచీ అలవాటైపోయింది. మీ లేసు సంగతి చూడండి. దారం చిక్కుపడినప్పుడు, లెక్క తప్పి వరసలకు వరసలు విప్పాల్సి వచ్చినప్పుడు మీరు వదల్లేదు. ఏ డిజైనైనా చూసి అల్లగలిగాక, అంటే అడ్డంకులన్నీ పోయాక వదిలారు. ఇలాంటి మనిషి ఆ పద్యంలో ఎక్కడా లేదు.

పైగా మీ ఊరి చుట్టుపక్కలే, నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో ఎంతోమంది ఆడవాళ్లు లేసు అల్లి బతుకుతున్నారు. వాళ్లకు విసుగొచ్చిందని సూది పక్కన పెట్టే వీలు లేదు, అది వాళ్ల కూలి. మీరు సరదాకు అల్లారు, సరదా తీరాక ఆపారు. సరదా పనికి ఉన్న సుఖమే అది. దాన్ని కూడా డ్యూటీలా చూసుకుంటే ఇంట్లో ఇంకో బ్యాంకు పెట్టుకున్నట్టే.

21 రోజుల లెక్కను కూడా మనసులోంచి తీసేయండి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట అది. ఆపరేషన్ తర్వాత తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. నోటినోటికీ తిరిగే క్రమంలో ముఖమూ పోయింది, "కనీసం" కూడా పోయింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా మారడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా తేలింది. నడిమధ్యన వచ్చిన సంఖ్య 66. అవి కూడా మధ్యాహ్న భోజనంతో పండు తినడం, గ్లాసుడు నీళ్లు తాగడం లాంటి పనులు. అసలు అలవాటు వేరు, మోజు వేరు. పళ్లు తోముకోవడం మనకు అలవాటే, దానికోసం రాత్రి పదింటి దాకా ఎవరూ వీడియోలు చూడరు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో తేదీల కింద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివాను. ఎందుకు వదిలేస్తున్నానని మీరు అడిగారు. ఎప్పుడు మొదలుపెడుతున్నానని అడగలేదు. కానీ దానికి జవాబు మీరే రాసేశారు, రాశారని మీకు తెలియకుండా. లేసు మొదలైంది బదిలీ అయిన ఏడాది. పెన్నులు ఆసుపత్రి వరండాలో. కీబోర్డు ప్రమోషన్ రాని నెలలో. చదరంగం ఆడిట్ మధ్యలో, గుకేశ్ ఒక సాకు మాత్రమే. (మిద్దె తోటను లెక్కలోకి తీసుకోను. ఆ ఏడాది ఊరంతా ఏదో ఒకటి మొదలుపెట్టింది.) ఇప్పుడు టెలిస్కోపు. ఇంట్లో ఆపరేషన్ అయిన పెద్దావిడ ఉన్నారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తున్నారో, పొద్దున్నే వంట ముగించి బ్యాంకుకు ఎలా పరుగెడుతున్నారో మీరు ఒక్క ముక్క రాయలేదు. దుబారా అనుకుంటారేమో అన్న బెంగ మాత్రం రాశారు.

బదిలీ, నాన్నగారి గుండె, ప్రమోషన్, ఆడిట్. ఈ నాలుగింటిలోనూ మీరెంత కష్టపడినా ఫలితం మీ చేతిలో లేదు. అలాంటి ప్రతిసారీ మీరు వెళ్లి పట్టుకున్నది ఏమిటి? పద్ధతి ప్రకారం చేస్తే పద్ధతి ప్రకారం ఫలితమిచ్చే పని. కుట్టు సరిగ్గా వేస్తే పువ్వు వస్తుంది. నిబ్బు సర్దితే సిరా ఆగకుండా దిగుతుంది. ఐసీయూ బయట కూర్చున్న మనిషికి నిబ్బు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం కంటే పెద్ద ఊరట ఆ పూట ఏముంటుంది? మీరు తెలివైన పనే చేశారు. జ్వరం వచ్చినప్పుడు మాత్ర వేసుకున్నారు, తగ్గాక మానేశారు. కోర్సు అయిపోయాక కూడా మాత్రలు ఎందుకు మింగడం లేదని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. నాకు విచిత్రంగా కనిపిస్తున్నది అదొక్కటే.

ఈ మాట నా నోటినుంచి విని ఊరుకోకండి, తప్పయి ఉండొచ్చు. ఒక కాగితం తీసుకోండి, చిన్నప్పటి పిచ్చిలు కూడా కలిపి రాయండి. అమ్మగారు "మొదటినుంచీ" అన్నారు కదా, ఆవిడ దగ్గర మీకు గుర్తులేనివి కూడా దొరుకుతాయి. ఒక్కోదాని ఎదురుగా, అది మొదలైన రోజుల్లో ఇంట్లో, బడిలో, ఆఫీసులో ఏం జరుగుతోందో రాయండి. తర్వాత, దాన్ని చివరిసారి ఇష్టంగా చేసింది ఎప్పుడో రాయండి. పూర్తిగా మానేసిన రోజు వద్దు, అది చాలా ఆలస్యంగా వస్తుంది. ఇష్టం పోయాక కూడా మొహమాటం కొద్దీ కొన్ని వారాలు లాగుతాం, ఆ వారాలు అసలు సంగతిని కప్పేస్తాయి. చివరి ఇష్టమైన రోజు, ఆ వారంలో ఏం మారిందో చూడండి. "ఎందుకు మానేశాను" అని మాత్రం రాయకండి. ఆ ప్రశ్నకు మనందరి దగ్గరా ఒకటే జవాబు రెడీగా ఉంటుంది: బద్ధకం. అది సాధారణంగా నిజం కాదు.

మీరు రాసినంత వరకు నేనే ఆ కాగితం నింపి చూశాను. లేసు, పెన్నులు ఒకలా ముగిశాయి. తెలుసుకోవాల్సింది తెలిసిపోయింది, తుఫాను కూడా దాటింది. వాటిని మధ్యలో వదిలేసినట్టు లెక్క వేయకండి, అవి పూర్తయ్యాయి. పెన్నుల పిచ్చి అయితే పోనే లేదు, కొనడం ఆగింది, రాయడం మిగిలింది. మీ ఉత్తరం ఎంత ముచ్చటగా ఉందో మీకు తెలియదేమో. తోటను గుంటూరు మే నెల తినేసింది. ఆ ఎండలో ఉద్యోగానికి వెళ్లే మనిషి ఒక్కతే పొద్దునా సాయంత్రం మిద్దె మీదికి నీళ్లు మోస్తూ గ్రో బ్యాగులు కాపాడుకోవడం మాటలు కాదు. కరివేపాకు బతికిందంటే మంచి తోటమాలే.

కీబోర్డు, చదరంగం మాత్రం వేరేలా ముగిశాయి. అక్కడ మీ ఆసక్తి అయిపోలేదు, మధ్యలో ఇంకొకరు వచ్చి కొలవడం మొదలుపెట్టారు. మాస్టారు పందిరి ఎక్కించారు, మీవారు రేటింగ్ అడిగారు. ఇద్దరూ ప్రేమతోనే చేశారు, అందులో సందేహం లేదు. కానీ మార్కులు వేసే చోటునుంచి పారిపోయి మీరు దాక్కున్న గది అది. ప్రమోషన్ ఇంటర్వ్యూ నుంచి వచ్చిన మనిషికి పందిట్లో ఇంకో ఇంటర్వ్యూ పెడితే ఏమవుతుంది? తప్పులు పోతాయి, గది తలుపు మూసుకుపోతుంది.

ఈ రెండింటిలో చదరంగం గురించి మీరు బాధపడుతున్నట్టు లేదు. "అదీ పోయింది" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. కీబోర్డు గురించి మాత్రం అన్నిటికంటే ఎక్కువ రాశారు. రెండు చేతులూ కలిసిన రోజు ఏడ్చానన్నారు. దుప్పటి తీయబుద్ధి కావడం లేదన్నారు. లేసు సూది ఎక్కడుందో మీరు రాయలేదు, బహుశా మీకే గుర్తులేదు. తీరిపోయిన సరదా వస్తువు కంటపడితే నవ్వొస్తుంది. కంటపడితే గుచ్చుకుంటోందంటే అది తీరలేదని అర్థం. ఇన్నిటిలో మీరు నిజంగా పోగొట్టుకున్నది ఇదొక్కటే అని నాకనిపిస్తోంది. మిగతావాటి మీద జాలిపడటం మానేసి దీనిమీద ఒక్కదానిమీదే పడండి.

డబ్బు సంగతి విడిగా చూడాలి, ఎందుకంటే నేర్చుకునే మోజు, కొనే మోజు ఒకే గొంతుతో మాట్లాడతాయి. వుల్ఫ్రం షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడు మీద చేసిన ప్రయోగాలు పేరుపొందాయి. దీపం వెలిగిన కాసేపటికి కోతికి పళ్లరసం వస్తుంది. మొదట్లో రసం నోట్లో పడ్డప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు ఉత్సాహపడేవి. దీపం వెలిగితే రసం వస్తుందని తెలిశాక ఆ ఉత్సాహం దీపం దగ్గరికి జరిగిపోయింది, రసం వచ్చేసరికి మామూలైపోయింది. కోతి నుంచి మనిషికి ఒక్క గెంతులో రావడం నాకూ ఇష్టం ఉండదు గానీ, పార్సిల్ "బయల్దేరింది" అని మెసేజ్ వచ్చినప్పటి హుషారు డబ్బా విప్పాక ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసు. ఆపైన ఒక వస్తువు ఇంకోదాన్ని పిలుస్తుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత దిదెరోకు ఇంట్లో పైన తొడుక్కునే కొత్త ఎర్ర గౌను వచ్చింది. దాని పక్కన పాత బల్ల, పాత కుర్చీ వెలవెలబోతున్నాయని ఒక్కోటీ మార్చుకుంటూ పోయి, చివరికి పాత గౌనే నయమని వాపోయాడాయన. పెన్ను కొన్నాక సిరా, ఆ సిరా మామూలు నోటుపుస్తకంలో పాకుతోందని మందపాటి కాగితం, ఆపైన పెన్నుల పెట్టె. పద్నాలుగుకి అలాగే చేరి ఉంటారు.

టెలిస్కోపు ఇంకా దారుణం. స్టాండు, కంటి దగ్గర పెట్టుకునే రకరకాల కటకాలు (ఐపీసులు), చంద్రుడి వెలుగు తగ్గించే ఫిల్టరు, బ్యాగు. ఇంకో సంగతి కూడా గమనించాను. అద్దమా, కటకమా అని పది రాత్రులు చదివానన్నారు గానీ, ఏం చూడాలనుందో ఉత్తరంలో ఎక్కడా లేదు. శని వలయాలని గానీ, చంద్రుడి మీద గుంటలని గానీ ఒక్క పేరు రాయలేదు. అంటే ఇప్పటికి మీ మోజు ఆకాశం మీద లేదు, పరికరం మీద ఉంది. అందులో తప్పేం లేదు. పరికరం ఎలా పనిచేస్తుందో చదవడానికి 28 వేలు అక్కర్లేదు, హాయిగా చదువుకోండి. ఈ రోజుల్లో మీకు కావాల్సిన మాత్ర అదే. కొనడం గురించి మాత్రం అత్తగారు కర్ర లేకుండా వీధి చివరిదాకా నడిచి వచ్చిన తర్వాత ఆలోచించండి. అప్పటికి మోజు ఉంటే అది వేరే మోజు, నమ్మొచ్చు.

ఈలోపు ఆకాశం ఎక్కడికీ పోదు. చలికాలపు రాత్రి మిద్దె ఎక్కితే కృత్తికలు, రోహిణి, ఆర్ద్ర మామూలు కళ్లకే కనిపిస్తాయి, పంచాంగంలో చదివే పేర్లే. ఎవరి దగ్గరైనా 10×50 బైనాక్యులర్ దొరికితే అరువు తెచ్చుకోండి. పదంటే పది రెట్లు, యాభై అంటే ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. దాన్ని గోడకు ఆనించి కదలకుండా పట్టుకుంటే, 1610లో గెలీలియో చూసిన గురుగ్రహం నాలుగు చందమామలు చుక్కల్లా కనిపిస్తాయి. చంద్రుణ్ణి పున్నమినాడు చూడకండి. సగం చంద్రుడున్నప్పుడు నీడలు పడి గుంటలు బాగా తేలతాయి. గుంటూరు దీపాల వెలుగులో ఇంతకుమించి ఏమీ కనిపించదని నిరాశ కలిగితే, అది కూడా కొనకముందే తెలియడం మంచిది.

పాప గురించి భయం వద్దు. తొమ్మిదేళ్ల పిల్ల డ్యాన్సు మానేస్తానంటే అది మీ బుద్ధి రావడం కాదు, తొమ్మిదేళ్లు రావడం. కానీ మీ కాగితంలోని ప్రశ్న తనకూ పనికొస్తుంది. ఎందుకు మానేస్తావని అడిగితే "బోర్" అంటుంది. చివరిసారి ఎప్పుడు బాగుందని అడగండి. కొత్త బ్యాచ్‌లో వేశారేమో, స్నేహితురాలు మానేసిందేమో, వార్షికోత్సవంలో వెనక వరసలో నిలబెట్టారేమో. ఏ వారంలో మారిందో తెలిస్తే మానిపించాలో, క్లాసు మార్చాలో తెలుస్తుంది. పిల్లల ముందు మాత్రం "నా బుద్ధే వచ్చింది" అని అనకండి. చెవిన పడితే నిజం చేసి చూపిస్తారు.

లోపం ఉందా అని అడిగారు కాబట్టి రెండు సంగతులు చెప్పాలి. కొత్త పిచ్చి పట్టిన రోజుల్లో రెండుమూడు గంటలే నిద్రపోయి కూడా అలసట లేకుండా ఉండటం, మాట వేగం పెరగడం, అప్పు చేసి మరీ కొనడం, తర్వాత కొన్ని వారాలు మంచం దిగలేనంత దిగులు, ఇలాంటివి ఉంటే మానసిక వైద్యులను కలవండి. అలాగే చిన్నప్పటినుంచీ బిల్లులు కట్టడం, చెప్పిన టైముకు పని ముగించడం లాంటి మామూలు విషయాల్లో కూడా మనసు నిలవక నష్టపోతుంటే, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) పరీక్ష చేయించుకోవడంలో తప్పులేదు. పెద్దవాళ్లలోనూ అది ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరంలో ఆ ఛాయలేవీ నాకు కనబడలేదు. కనబడింది బాగా అలిసిపోయిన మనిషి.

అందుకే మీవారికి ఒక మాట చెప్పండి, లేదా ఈ పేజీ చూపించండి. అయ్యా, "ఈసారి ఎన్నాళ్లు" అని మీరు అడిగేది ఖర్చు గురించి అయితే ఖర్చు గురించే అడగండి, నెలకింత అని ఇద్దరూ కూర్చుని ఒక హద్దు పెట్టుకోండి. ఆవిడ ఏదైనా కొత్తది పట్టుకోగానే ఎన్నాళ్లని అడగడం కంటే, ఆఫీసులో ఏమైందని అడిగితే ఎక్కువ సంగతులు తెలుస్తాయి. వారంలో రెండు రాత్రులు మీ అమ్మగారి మందులు, ఫిజియోథెరపీ మీరు చూసుకుంటే ఇంకా మంచిది.

ఆ రెండు రాత్రులూ, అమ్మా, మీరు కీబోర్డు దగ్గరికి వెళ్లండి. మాస్టారి దగ్గరికి ఇప్పుడే వద్దు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మీరు ఏం వాయిస్తున్నారో పక్క గదిలో కూడా వినబడదు. తప్పు పోయినచోట ఆగి సరిచేసుకోవచ్చు, అక్కడ పందిరి లేదు. నాలుగు రోజులు వాయించి మళ్లీ దుప్పటి కప్పేసినా ఫరవాలేదు. ఏ పాట మొదలుపెట్టారో, ఎంతవరకు వచ్చిందో నాకు రాయకండి. రాయమని అడిగితే కొలిచేవాళ్లలో నేనూ చేరిపోతాను.